అంబాసిడర్ ఇంజిన్ పేలుతూ పికప్ పడిపోతే: కార్బొరేటర్ విప్పే ముందు చేయాల్సినవి

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే మా అంబాసిడర్ మొదటిసారి మొరాయించింది. 1978 మార్క్ 3, 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, నాన్నగారు కొన్న బండి. కింద మైదానంలో నాలుగో గేరులో సాఫీగానే వచ్చింది. రెండో మలుపు దగ్గర యాక్సిలరేటర్ తొక్కగానే బానెట్ కింద 'ఫట్' మని శబ్దం. ఆ వెంటనే దమ్ము పోయింది. మూడో గేరు, రెండో గేరు, చివరికి ఒకటో గేరులో పాకుతూ ఎక్కాం. దిగేటప్పుడు సైలెన్సర్‌లో టపాసులు పేలినట్టు పేలింది.

ఆ తర్వాత మూడు వారాలు, పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బొరేటర్ విప్పడం, కడగడం, బిగించడంతోనే గడిచిపోయాయి. తప్పు అక్కడ లేనే లేదు. స్పార్క్‌ను ఒక్కో ప్లగ్‌కు పంచే డిస్ట్రిబ్యూటర్ లోపల, లోపలి పోగులు తెగిపోయిన రెండు అంగుళాల వైరులో ఉంది. మీకు ఆ మూడు వారాలు వృథా కాకూడదని ఇది రాస్తున్నాను. అంకెలు అంబాసిడర్‌కు వచ్చిన బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ ఇంజిన్‌వి. ప్రీమియర్ పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్ లాంటి, కరెంటును తెంచి స్పార్క్ పుట్టించే సీబీ (కాంటాక్ట్ బ్రేకర్) పాయింట్లున్న బండ్లకు కూడా వెతికే పద్ధతి ఇదే, కొలతలు మాత్రం ఆ బండి మాన్యువల్ నుంచి తీసుకోండి.

మొదలుపెట్టే ముందు

సన్నటి ఖాళీలు కొలిచే రేకుల ఫీలర్ గేజ్ ఒకటి, ప్లగ్ స్పానర్, మల్టీమీటర్, 12 వోల్టుల చిన్న బల్బుకు రెండు వైర్లు కట్టిన టెస్ట్ ల్యాంప్, కంప్రెషన్ గేజ్ ఉంటే చాలు. కంప్రెషన్ గేజ్ కొనక్కర్లేదు, తెలిసిన గ్యారేజీలో అడిగితే ఒక పూటకు ఇస్తారు. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ తప్పకుండా పెట్టుకోండి. పేలే ఇంజిన్ కార్బొరేటర్ నోట్లోంచి మంట కక్కగలదు, ఆ పక్కనే పెట్రోల్ ఉంటుంది. ఎయిర్ క్లీనర్ తీసి ఇంజిన్ నడిపేటప్పుడు ముఖం కార్బొరేటర్ మీద వంచకండి. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాలకు రాళ్ళు పెట్టండి. పొగ లోపలే నిలిచిపోయే మూసిన షెడ్డులో ఇంజిన్ నడపొద్దు.

ఒక నోటు పుస్తకం కూడా కావాలి. ఏం మార్చారో, మార్చాక ఏమైందో రాసుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. పాయింట్లు, ప్లగ్గులు, కార్బొరేటర్ స్క్రూ అన్నీ ఒకే పూట కదిపితే బండి బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, పాడైతే ఎవరి వల్ల పాడైందో అసలే తెలియదు.

శబ్దం ఎక్కడిదో తేల్చుకోండి

బ్యాక్‌ఫైర్ అని అందరూ అనేది నిజానికి రెండు వేర్వేరు జబ్బులు. కార్బొరేటర్ వైపు నుంచి వచ్చే దగ్గు ఒకటి, సైలెన్సర్‌లో పేలుడు ఇంకొకటి. స్నేహితుణ్ణి స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, మీరు బయట నిలబడి వినండి.

కార్బొరేటర్‌లోంచి 'తుప్పు తుప్పు' మని ఉమ్మినట్టు వస్తుంటే, మిశ్రమాన్ని లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వ్ ఇంకా తెరిచి ఉండగానే సిలిండర్‌లో మంట ఉందన్నమాట. పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ అయిన మిశ్రమం నెమ్మదిగా కాలుతుంది. ఎంత నెమ్మదిగా అంటే, తర్వాతి ఇన్‌లెట్ తెరిచే సమయానికి కూడా ఆ మంట ఆరదు. రెండు ప్లగ్ వైర్లు తారుమారైనా, ఇన్‌లెట్ వాల్వ్ సరిగా మూసుకోకపోయినా, స్పార్క్ పడే సమయం (టైమింగ్) బాగా తప్పినా ఇదే జరుగుతుంది.

సైలెన్సర్‌లో పేలితే, సిలిండర్‌లో కాలాల్సిన పెట్రోల్ కాలకుండా బయటికి వెళ్ళి, వేడి గొట్టంలో అంటుకుంటోంది. అంటే ఎక్కడో ఒక స్పార్క్ తప్పిపోతోంది, లేదా బాగా ఆలస్యంగా పడుతోంది, లేదా ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోయి కారుతోంది. కాలు తీసి దిగువకు వెళ్ళేటప్పుడు మాత్రమే పేలి, మిగతా సమయంలో పికప్ బాగుంటే, ముందు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కూ గొట్టానికీ మధ్య జాయింట్ చూడండి. అక్కడ గాలి లోపలికి పీలిస్తే పేలుడు వస్తుంది.

ఎప్పుడు వస్తోందో కూడా రాసుకోండి. చల్లగా ఉన్నప్పుడే వస్తే మిశ్రమం మీద అనుమానం పెట్టుకోండి. ఇరవై నిమిషాలు నడిచాక వస్తే కండెన్సర్ (పాయింట్ల పక్కనుండే చిన్న డబ్బా), కాయిల్ (స్పార్క్‌కు కావాల్సిన ఎక్కువ వోల్టేజి ఇచ్చేది). యాక్సిలరేటర్ కదిపిన క్షణంలోనే వస్తే డిస్ట్రిబ్యూటర్ లోపలి వైర్లు, లేదా ఎస్‌యూ (లోపల పైకీ కిందికీ కదిలే పిస్టన్ ఉన్న రకం) కార్బొరేటర్ డ్యాంపర్‌లో ఆయిల్ లేకపోవడం. నిండు లోడు మీద, ఎక్కుడులోనే వస్తే పెట్రోల్ సరఫరా లేదా బలహీనమైన స్పార్క్. వానాకాలంలోనే వస్తే డిస్ట్రిబ్యూటర్ మూత.

ప్లగ్గులు తీసి చూడండి

బండిని ఐదారు కిలోమీటర్లు నడిపి, వేగంలో ఉండగానే క్లచ్ తొక్కి ఇంజిన్ ఆపి, ఖాళీ రోడ్డు పక్కన నిలపండి. తర్వాత నాలుగు ప్లగ్గులూ తీసి, ఏది ఏ సిలిండర్‌దో తెలిసేలా వరసలో పెట్టండి. బండి ఆగాక ఇంజిన్‌ను ఐడ్లింగ్‌లో వదిలేస్తే మసి పట్టి తప్పుడు సమాచారం ఇస్తుంది, అందుకే ఇలా.

లేత ఇటుక రంగు ఉంటే ఆ సిలిండర్ ఆరోగ్యంగా ఉంది. పొడి నల్ల మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ లేదా స్పార్క్ బలహీనం. సుద్దలా తెల్లగా ఉంటే పెట్రోల్ తక్కువ. తడిగా, పెట్రోల్ వాసనతో ఉంటే ఆ సిలిండర్ వెలగడమే లేదు. జిడ్డు నలుపు ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. నాలుగూ ఒకే రంగులో తప్పుగా ఉంటే అందరికీ ఉమ్మడిగా ఉన్నదాంట్లో, అంటే కాయిల్, పాయింట్లు, టైమింగ్, కార్బొరేటర్‌లో వెతకాలి. ఒక్కటే తేడాగా ఉంటే ఆ సిలిండర్ ప్లగ్, వైరు, వాల్వ్‌లలో వెతకాలి. ఈ ఒక్క పరీక్షతో సగం వెతుకులాట తప్పుతుంది.

ప్లగ్ గ్యాప్ 0.64 మి.మీ., పాత మెకానిక్కుల మాటలో 25 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). పింగాణీలో సన్నటి పగులు ఉన్న ప్లగ్‌ను ఎంత శుభ్రం చేసినా లాభం లేదు, పారేయండి.

ఏ సిలిండర్ పని చేయడం లేదో తెలుసుకోవాలంటే, ఇంజిన్ ఆపి ఒక వైరు తీసి, దాన్ని ఒక పాత ప్లగ్‌కు తొడిగి, ఆ ప్లగ్ ఇనుప భాగం ఇంజిన్‌కు గట్టిగా తగిలేలా, కార్బొరేటర్‌కు దూరంగా పెట్టండి. ఇప్పుడు స్టార్ట్ చేయండి. ఇంజిన్ ముందుకంటే ఎక్కువ కుంటితే ఆ సిలిండర్ అంతకుముందు పని చేస్తోంది. ఏమీ తేడా రాకపోతే దొంగ దొరికినట్టే. నడుస్తున్న ఇంజిన్ మీద చేత్తో వైర్లు లాగడం కొందరు మెకానిక్కులు చేస్తారు. ఆ షాక్ చిన్నది కాదు, మీరు చేయకండి.

డిస్ట్రిబ్యూటర్: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

కార్బొరేటర్ జబ్బుల్లో చాలావరకు కరెంటు జబ్బులే అని పాత మెకానిక్కులు ఊరికే అనలేదు. పేలుడు, పికప్ లేకపోవడం రెండూ కలిసి వస్తే నేను మొదట తీసేది డిస్ట్రిబ్యూటర్ మూత.

మూత లోపల పొడి గుడ్డతో తుడిచి, వెలుగులో తిప్పి చూడండి. పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకు కనిపిస్తే, కరెంటు ఆ దారిన పారిపోతోంది. గీకితే పోదు, మూత మార్చాలి. మధ్యలో ఉన్న చిన్న కార్బన్ బొగ్గు స్ప్రింగ్ మీద లోపలికీ బయటికీ కదలాలి. మూత కింద తిరిగే రోటర్ తీసి అడుగున చూడండి, కాలిన మచ్చ ఉంటే అది షాఫ్ట్‌లోకే స్పార్క్ ఇచ్చేస్తోంది. రాత్రి దీపాలన్నీ ఆర్పి, బానెట్ ఎత్తి ఇంజిన్ నడిపి చూస్తే, కరెంటు కారుతున్న వైర్ల మీద నీలం మిణుగురులు కనిపిస్తాయి. అలా కనిపించిన వైర్లకు టేపు చుట్టకండి, సెట్టు మొత్తం మార్చండి.

వైర్ల వరస సరిచూడండి. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లలో స్పార్క్ పడే వరస, 1-3-4-2. ఒకటో సిలిండర్ రేడియేటర్ వైపుది. పైనుంచి చూస్తే ఈ డిస్ట్రిబ్యూటర్ రోటర్ గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది, కాబట్టి మూత మీద వైర్లను కూడా ఆ దిశలోనే 1, 3, 4, 2 అని లెక్కపెట్టాలి. సర్వీసింగ్ నుంచి వచ్చిన మర్నాడే కార్బొరేటర్ దగ్గడం మొదలైతే ముందు ఇదే చూడండి.

తర్వాత పాయింట్లు. రోటర్ కింద ఉన్న క్యామ్‌కు నాలుగు మూలలు ఉంటాయి. పాయింట్ మడమ (క్యామ్‌ను ఆనుకుని ఉండే భాగం) ఆ మూల మీదికి వచ్చేదాకా ఇంజిన్‌ను తిప్పి (ప్లగ్గులు తీసి, టాప్ గేరులో పెట్టి బండిని నెమ్మదిగా నెడితే సులువు) మధ్య ఖాళీ కొలవండి. 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి, అంటే 15 థౌ రేకు కొంచెం పట్టుకుంటూ జారాలి. ఆ ఖాళీ ఎందుకు ముఖ్యమో తెలుసుకుంటే మర్చిపోరు. మడమ ఫైబర్‌తో చేసింది, తిరుగుతూ తిరుగుతూ అరుగుతుంది. అది అరిగితే ఖాళీ తగ్గుతుంది. ఖాళీ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, స్పార్క్ ఆలస్యమవుతుంది, టైమింగ్ వెనకబడుతుంది. బండి ఒక్కరోజులో కాకుండా నెలల మీద నెమ్మదిగా దమ్ము కోల్పోతే కారణం చాలాసార్లు ఇదే. మడమ మీద, క్యామ్ మీద అగ్గిపుల్ల తలంత గ్రీజు రాస్తే అరుగుదల తగ్గుతుంది. అంతకంటే ఎక్కువ రాస్తే చిమ్మి పాయింట్ల మీద పడుతుంది.

పాయింట్ల ముఖాలు చూడండి. ఒకదాని మీద గుంట, రెండోదాని మీద బొడిపె, నీలంగా కాలిన రంగు ఉంటే కండెన్సర్‌ను అనుమానించండి. పాయింట్లు తెరిచే క్షణంలో కరెంటు ఖాళీ మీదుగా దూకకుండా ఆపడమే కండెన్సర్ పని. అది చేయకపోతే పాయింట్ల మీద మంట, ప్లగ్ దగ్గర పసుపురంగు నీరసపు స్పార్క్. చల్లగా ఉంటే బాగా పని చేసి, వేడెక్కాక మొహం చాటేసే కండెన్సర్లు చాలా ఉంటాయి. కెపాసిటెన్స్ కొలిచే మల్టీమీటర్ ఉంటే సుమారు 0.2 మైక్రోఫారడ్ చూపాలి. అయితే వేడి మీద, వోల్టేజి మీద పోయే కండెన్సర్‌ను మీటర్ పట్టలేదు. బాగా నడుస్తున్న ఇంకో బండిలోంచి తీసిన కండెన్సర్ పెట్టి చూడటమే నమ్మదగిన పరీక్ష. కొత్తది కొన్నాను కదా, అది తప్పయ్యే అవకాశమే లేదు అని అనుకోకండి. నేను కొన్న కొత్త కండెన్సర్ 40 కిలోమీటర్లకే పోయింది. పాత బండిలోంచి తీసిన మంచి కండెన్సర్ ఒకటి డిక్కీలో ఉంచుకోండి.

ఇప్పుడు నా ఘాట్ కథలోని వైరు. పాయింట్లు కూర్చున్న ప్లేటు స్థిరంగా ఉండదు. వ్యాక్యూమ్ అడ్వాన్స్ డబ్బా (ఇంజిన్ పీల్పుతో స్పార్క్‌ను ముందుకు జరిపేది) దాన్ని లాగుతుంది, వదులుతుంది. ప్లేటుతో పాటు కదలాల్సిన వైర్లు రెండు. బయటి నుంచి పాయింట్లకు వచ్చే సన్న వైరు ఒకటి, ప్లేటును డిస్ట్రిబ్యూటర్ ఒంటికి కలిపే అల్లిక ఎర్త్ వైరు ఇంకొకటి. ఏళ్ళ తరబడి వంగి వంగి లోపలి పోగులు తెగుతాయి, పైతొడుగు మాత్రం చెక్కుచెదరదు. ఐడ్లింగ్‌లో ప్లేటు ఒకచోట నిలిచి ఉంటుంది కాబట్టి తెగిన పోగులు తాకుతూనే ఉంటాయి, ఇంజిన్ గడియారంలా నడుస్తుంది. కాలు కదపగానే ప్లేటు కదులుతుంది, పోగులు విడిపోతాయి, స్పార్క్ ఒక్క క్షణం పోతుంది, మళ్ళీ వస్తుంది. ఆ పోయిన క్షణంలో కాలని పెట్రోలే సైలెన్సర్‌లో పేలేది.

దీన్ని పట్టే పద్ధతి: బ్యాటరీ టెర్మినల్ ఒకటి తీసేసి, మల్టీమీటర్‌ను రెసిస్టెన్స్‌లో పెట్టి, ఒక కొన ప్లేటుకూ ఇంకో కొన ఇంజిన్ బాడీకీ పట్టండి. వేలితో ప్లేటును అటూ ఇటూ తిప్పండి. అంకె సున్నా దగ్గరే ఉండాలి. ఎగిరితే ఎర్త్ వైరు పోయింది. అలాగే సన్న వైరును కూడా రెండు కొనల మధ్య కొలుస్తూ వంచి చూడండి. కొత్త వైరు వేసేటప్పుడు గట్టి వైరు వేయకండి. మెత్తటి, సన్నటి పోగులు ఎక్కువున్న వైరే వేయాలి, లేకపోతే ఏడాదిలో మళ్ళీ తెగుతుంది. పాయింట్ స్తంభం దగ్గర ఫైబర్ వాషర్లు ఏ వరసలో ఉన్నాయో విప్పే ముందు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. స్ప్రింగ్, సన్న వైరు కొన, కండెన్సర్ వైరు కొన ఒకదానికొకటి తాకాలి, ప్లేటుకు మాత్రం తాకకూడదు. వాషర్ తప్పుగా వేస్తే ఇంజిన్ స్టార్టే కాదు.

మూత పెట్టే ముందు ఇంకో రెండు పనులు. వ్యాక్యూమ్ గొట్టానికి చిన్న రబ్బరు ట్యూబు తగిలించి నోటితో పీల్చి, నాలుకతో మూసి పట్టండి. ప్లేటు కదిలి అక్కడే నిలబడాలి. నెమ్మదిగా వెనక్కి వచ్చేస్తే డయాఫ్రమ్ చిరిగింది. తర్వాత రోటర్‌ను అది తిరిగే దిశలో వేలితో తిప్పి వదలండి. స్ప్రింగ్ మీద వెనక్కి దూకాలి. బిగుసుకుపోయి ఉంటే కింద ఉన్న సెంట్రిఫ్యూగల్ అడ్వాన్స్ బరువులు తుప్పు పట్టాయి. అప్పుడు వేగం పెరిగినా స్పార్క్ ముందుకు జరగదు, 50 కిలోమీటర్ల వేగం దాటాక బండి బరువెక్కినట్టు ఉంటుంది.

కాయిల్ దగ్గర ఎక్కువ సేపు పట్టదు. పాయింట్లు మూసి ఉండగా, ఇగ్నిషన్ వేసి, కాయిల్‌కు వచ్చే వోల్టేజి కొలవండి. బ్యాటరీ వోల్టేజి కంటే ఒక వోల్టుకు మించి తగ్గితే ఇగ్నిషన్ స్విచ్‌లో, జాయింట్లలో నష్టం ఉంది. బ్యాలస్ట్ (కరెంటును తగ్గించే రెసిస్టర్) లేని 12 వోల్టుల కాయిల్ ప్రైమరీ సుమారు 3 ఓమ్‌లు ఉండాలి. ఎవరో 1.5 ఓమ్‌ల బ్యాలస్ట్ కాయిల్‌ను నేరుగా పెట్టేసి ఉంటే కాయిల్ చేయి కాలేంత వేడెక్కుతుంది, పాయింట్లు నెలకోసారి కాలిపోతాయి.

టాపెట్లు, కంప్రెషన్

ట్యూనింగ్‌లో వరస ముఖ్యం. ముందు టాపెట్లు, తర్వాత పాయింట్లు, ఆ తర్వాత టైమింగ్, అన్నిటికంటే చివర కార్బొరేటర్. పాయింట్లు ఇప్పటికే చూశారు కాబట్టి టైమింగ్ ముట్టుకునే ముందు టాపెట్లు చూసేయండి.

టాపెట్ క్లియరెన్స్, అంటే వాల్వ్ కొనకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య ఖాళీ, 15 థౌ, అదే 0.38 మి.మీ. పాయింట్లకు వాడిన రేకే. వేడి మీద కొలవాలా, చల్లగా ఉన్నప్పుడా అనేది మీ ఇంజిన్ మాన్యువల్‌లో చూసుకోండి. ఏ వాల్వ్‌ను ఎప్పుడు కొలవాలో గుర్తుంచుకోవడానికి తొమ్మిది లెక్క ఉంది. ముందు నుంచి వాల్వులకు 1 నుంచి 8 దాకా అంకెలు వేసుకోండి. ఎనిమిదో వాల్వ్ పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు ఒకటోది కొలవాలి. మూడోది తెరిచి ఉంటే ఆరోది. రెండు అంకెలూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే రావాలి. ఈ హెడ్‌లో 1, 4, 5, 8 ఎగ్జాస్ట్ వాల్వులు, 2, 3, 6, 7 ఇన్‌లెట్లు.

టాపెట్ శబ్దం చేస్తుంటే మనకు టెన్షన్ వస్తుంది కానీ, శబ్దం చేయని టాపెట్టే ఎక్కువ ప్రమాదం. ఖాళీ పోయిన వాల్వ్ పూర్తిగా మూసుకోదు. సందులోంచి మంట కారి వాల్వ్ అంచు కాలిపోతుంది. పాత ఇంజిన్లలో ఇది ఇప్పుడు ఎక్కువగా కనిపించడానికి ఒక కారణం ఉంది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం కలిపిన పెట్రోల్ ఆగిపోయింది. ఈ ఇంజిన్లు సీసం ఉన్న కాలానికి తయారైనవి. వాల్వ్ సీటు మీద సీసం పొరలా నిలిచి రాపిడి తగ్గించేది. ఇప్పుడు ఆ పొర లేదు కాబట్టి ఎక్కువ వేగంలో, ఎక్కువ లోడులో ఎగ్జాస్ట్ వాల్వ్ సీటులోకి నెమ్మదిగా దిగిపోతుంది, టాపెట్ ఖాళీ తగ్గుతూ వస్తుంది. మీరు టాపెట్ సరిచేసిన ప్రతిసారీ ఒకే ఎగ్జాస్ట్ వాల్వ్ బిగుతుగా తేలుతుంటే, హెడ్ దించినప్పుడు గట్టి సీట్లు వేయించండి.

టాపెట్లు సరిచేశాక కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి, కొలవండి. ఇంజిన్ వేడిగా, ప్లగ్గులన్నీ తీసి, కాయిల్ వైరు పీకి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి స్టార్టర్ తిప్పాలి. అసలు అంకె కంటే నాలుగింటి మధ్య తేడా ముఖ్యం. 10 శాతం లోపల ఉంటే దిగులు లేదు. ఒకటి బాగా తక్కువైతే ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ ఆ రంధ్రంలో పోసి మళ్ళీ కొలవండి. అంకె లేస్తే రింగులు, లేవకపోతే వాల్వ్. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు రెండూ తక్కువైతే మధ్యలో హెడ్ గ్యాస్కెట్ పోయింది. కార్బొరేటర్‌లో దగ్గుకు, దమ్ము లేకపోవడానికి అది కూడా కారణమే. ఇక్కడ తేడా తేలితే మిగతా ట్యూనింగ్ ఆపేసి హెడ్ దించడం గురించే ఆలోచించండి.

టైమింగ్

క్రాంక్ పుల్లీ మీద చిన్న గాడి, టైమింగ్ కవర్ మీద ముళ్ళలాంటి గుర్తులు ఉంటాయి. ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో ఉండగా గాడిని మాన్యువల్ చెప్పిన గుర్తుకు తెచ్చి, కాయిల్‌లో డిస్ట్రిబ్యూటర్ వైపు టెర్మినల్‌కూ బాడీకీ మధ్య టెస్ట్ ల్యాంప్ పెట్టి, ఇగ్నిషన్ వేయండి. డిస్ట్రిబ్యూటర్ క్లాంపు వదులు చేసి నెమ్మదిగా తిప్పితే, పాయింట్లు విడిపడిన క్షణంలో బల్బు వెలుగుతుంది. అక్కడ బిగించండి.

చివరి మాట రోడ్డుదే. టాప్ గేరులో 30 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా తొక్కితే డబ్బాలో గోలీలు వేసి ఆడించినట్టు శబ్దం వస్తే టైమింగ్ ముందుకు పోయింది, కాస్త వెనక్కి తీయండి. శబ్దమేమీ లేకుండా మందంగా, వేడెక్కుతూ నడిస్తే వెనకబడింది. ఎంత సరిచేసినా గుర్తులు కుదరకపోతే, బల్బు పరీక్షలో ఒక్కోసారి ఒక్కోచోట వెలుగుతుంటే, డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ బుష్ అరిగిపోయింది లేదా టైమింగ్ చైన్ సాగింది. షాఫ్ట్‌ను పక్కలకు ఊపి చూస్తే బుష్ సంగతి వెంటనే తెలుస్తుంది.

గాలి దొంగలు

కార్బొరేటర్ కింది గ్యాస్కెట్, మానిఫోల్డ్ గ్యాస్కెట్, వ్యాక్యూమ్ గొట్టం. ఈ మూడింట్లో ఎక్కడ సందున్నా గాలి లోపలికి దూరి మిశ్రమం పలచబడుతుంది. బి-సిరీస్‌లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు రెండూ ఒకే గ్యాస్కెట్ మీద, కొన్ని చోట్ల ఒకే నట్టు కింద కూర్చుంటాయి. రెండు అంచుల మందం కొంచెం తేడా ఉన్నా ఆ నట్టు ఒకదాన్ని గట్టిగా, ఇంకోదాన్ని వదులుగా పట్టుకుంటుంది. కాబట్టి నట్లు బిగించి ఊరుకోకండి. ఐడ్లింగ్‌లో ఉండగా స్ప్రే బాటిల్‌తో మామూలు నీళ్ళు జాయింట్ల మీద సన్నగా చల్లండి, డిస్ట్రిబ్యూటర్ మీద పడకుండా. ఎక్కడ చల్లినప్పుడు ఇంజిన్ ధ్వని మారుతుందో సందు అక్కడే. కొందరు పెట్రోల్ చల్లి చూస్తారు. వేడి ఎగ్జాస్ట్ పక్కన ఆ పని ఎప్పుడూ చేయకండి.

ఇక పెట్రోల్

ముందు అతి సులువైనది. ఎక్కుడులో దమ్ము పోయినప్పుడు బండి ఆపి ట్యాంకు మూత తీయండి. 'బుస్' మని గాలి లోపలికి పీల్చుకుని, తర్వాత కాసేపు బండి బాగా నడిస్తే, మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది. సూదితో తెరవండి, అంతే.

మెకానికల్ పంపు ఉంటే దాని గిన్నె విప్పి అడుగున తుప్పు, నీళ్ళు ఉన్నాయేమో చూడండి. పంపు నుంచి కార్బొరేటర్‌కు వెళ్ళే గొట్టం ఊడదీసి డబ్బాలో పెట్టి, కాయిల్ వైరు పీకి స్టార్టర్ తిప్పితే, పెట్రోల్ ధారగా కొట్టాలి. చుక్కలు చుక్కలుగా పడితే పంపు డయాఫ్రమ్, వాల్వులు లేదా ట్యాంకు వైపు గొట్టం చూడాలి. ఎండాకాలం మధ్యాహ్నం, ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడిచాక మాత్రమే నీరసపడితే పెట్రోల్ గొట్టంలోనే ఆవిరవుతోంది. పంపు మీద తడి గుడ్డ వేస్తే తేరుకోవడం మన డ్రైవర్లందరికీ తెలిసిన సంగతే. శాశ్వతంగా కావాలంటే గొట్టాన్ని మానిఫోల్డ్ నుంచి దూరంగా జరిపి, మధ్యలో రేకు అడ్డం పెట్టండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత బండి ఉన్నవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఒక కిలో పెట్రోల్ కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. కార్బొరేటర్‌కు ఈ సంగతి తెలియదు, పాత లెక్కలోనే పోస్తుంది. కాబట్టి ముందు సరిగ్గా ఉన్న మిశ్రమం ఇప్పుడు పలచబడుతుంది, కార్బొరేటర్‌లో దగ్గు మొదలవుతుంది. పైగా ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను, పంపు డయాఫ్రమ్‌ను మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలిపే బండిలో ఆ నీళ్ళు అడుగుకు చేరతాయి. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు వేయించండి, నిల్వ పెట్రోల్ తీసేసి తాజాది పోయండి.

ఇన్ని చూశాకే కార్బొరేటర్. ఎస్‌యూ అయితే పైన నల్ల మూత తిప్పి డ్యాంపర్ బయటికి తీయండి. లోపల పలచటి ఆయిల్, అంటే ఎస్ఏఈ 20 రకం ఉండాలి. అది లేకపోతే తొక్కగానే పిస్టన్ ఎగిరిపోయి గాలి ఒక్కసారిగా దూరుతుంది, ఇంజిన్ దగ్గి నిలబడిపోతుంది. ఇంజిన్ ఆపి పిస్టన్‌ను వేలితో పైకెత్తి వదలండి. 'టక్' మని స్పష్టంగా కింద పడాలి. ఆగి ఆగి దిగితే లోపల శుభ్రం చేయండి, ఎమెరీ కాగితం మాత్రం వాడకండి.

మిశ్రమం చూడటానికి, వేడి ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు లోపే ఎత్తండి. వేగం కొంచెం పెరిగి మళ్ళీ సర్దుకుంటే సరిగ్గా ఉంది. పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోల్ ఎక్కువ. వెంటనే ఆగిపోబోతే పెట్రోల్ తక్కువ. జెట్ నట్టును కిందికి తిప్పితే పెట్రోల్ పెరుగుతుంది, పైకి తిప్పితే తగ్గుతుంది. ఒక్కసారికి నట్టు ఒక్క పలక, అంటే ఆరో వంతు చుట్టు మాత్రమే తిప్పి మళ్ళీ పరీక్షించండి. సోలెక్స్ ఉన్న బండ్లలో మెయిన్ జెట్ విప్పి గాలి ఊది చూడండి, తీగ దూర్చి రంధ్రం పెద్దది చేయకండి. ఎయిర్ క్లీనర్ మూసుకుపోయి ఉంటే ఈ సర్దుబాట్లన్నీ తప్పుగానే వస్తాయి, అందుకే ముందు అది శుభ్రం చేయండి.

అన్నీ బాగున్నా దమ్ము లేకపోతే

సైలెన్సర్ లోపలి రేకులు కూలి దారి మూసేసి ఉండొచ్చు. మానిఫోల్డ్‌కు వ్యాక్యూమ్ గేజ్ తగిలించి ఇంజిన్‌ను ఓ మోస్తరు వేగంలో నిలకడగా పట్టండి. ముల్లు నెమ్మదిగా కిందికి జారుతూ పోతే అడ్డంకి వెనకే ఉంది. గేజ్ లేకపోతే ముందు గొట్టం జాయింట్ వదులు చేసి చిన్న దూరం నడిపి చూడండి. శబ్దం భరించలేం కానీ, పికప్ తిరిగొస్తే జవాబు దొరుకుతుంది. బ్రేకులు పట్టేసి ఉన్నా బండి ఇలాగే బరువుగా నడుస్తుంది. పది కిలోమీటర్ల తర్వాత నాలుగు చక్రాల డ్రమ్ములు తాకకుండా చేయి దగ్గర పెట్టి వేడి పోల్చండి.

రోడ్డు మీద

సరిచేశానని అనుకున్నాక ఇరవై కిలోమీటర్లు నడపండి, అందులో ఒక ఎక్కుడు తప్పకుండా ఉండాలి. ఖాళీ మైదానంలో తేలని తప్పు ఎక్కుడులో తేలుతుంది. నేను వైరు మార్చాక మళ్ళీ అదే ఘాట్‌కు తీసుకెళ్ళాను, అదే మలుపు దగ్గర మూడో గేరులో తొక్కాను. అరకు వెళ్ళేదాకా ఒక్క ఫట్ కూడా లేదు. ఇంటికొచ్చాక ప్లగ్గులు తీసి రంగు చూడండి, మానిఫోల్డ్ నట్లు చల్లారాక ఇంకోసారి బిగించండి. కొత్త పాయింట్లు వేస్తే 500 కిలోమీటర్ల తర్వాత ఖాళీ మళ్ళీ కొలవండి, కొత్త మడమ మొదట్లోనే ఎక్కువ అరుగుతుంది. ఆ కొలతను, తేదీని నోటు పుస్తకంలో రాసుకోండి.